సిమెంటు రేకుల దానము

మన దేశమున నిచ్చినదెల్ల దానమే యను నమ్మకమొకటి బలముగా పాతుకొనియున్నది. చినిగిన చీర పనిమనిషికిత్తుము. చద్దియన్నము బిచ్చగానికి వేయుదుము. కుంటిమంచము తోటమాలి యింటికి పంపుదుము. ఇచ్చిన వస్తువువలన పుచ్చుకొన్నవానికి మేలు కలిగినదా, కీడు కలిగినదా యని విచారించు ఆచారము మనకు లేదు. ఈ యలవాటు చీరల విషయమున నంతగా హానికరము కాకపోవచ్చును. కాని, పట్టణములలోను పల్లెలలోను నేడు ప్రబలియున్న మరియొక దానమునుగూర్చి మాత్రము మేము మౌనము వహింపజాలకున్నాము. అది సిమెంటు రేకుల దానము.

ఈ దానము జరుగు క్రమము మా చదువరులలో పెక్కుమంది యెరిగినదే. ముప్పది నలువది యేండ్లక్రిందట తండ్రిగారు వసారాకో, మేడమీది గదికో, గొడ్లసావిడికో కప్పించిన రేకులు నల్లబడి నాచుపట్టి యుండును. కుమారుడు ఉద్యోగస్థుడై వానిని తీసివేసి స్లాబు వేయింప నిశ్చయించును. మేస్త్రి కుదురును. ఇద్దరు కూలీలు పైకెక్కి, తుప్పుపట్టిన బోల్టులు ఊడిరాకున్నచో పలుగుతో నాలుగు పోట్లు పొడిచి, రేకులను క్రిందికి విడుతురు. పగిలినవి పగులును, పగులనివి గోడకు చేరును. అంట్లు తోమవచ్చిన పనిమనిషి వానిని చూచి, “అమ్మగారండీ, ఆ రేకులు పారేస్తారా? మా పాకమీదికి ఇప్పించండి, మీ పేరు చెప్పుకుంటాం” అనును. ఇల్లాలు కరుణామయి. “తీసుకుపోవే, ముక్కలు కూడా పట్టుకుపో, పొయ్యి దగ్గర అడ్డం పెట్టుకోవచ్చు” అనును. పనిమనిషి మగడు వానిని రిక్షాబండిమీద వేసికొనిపోయి, తన పాకకు సరిపోవునట్లు కోసికొనును. కోయు యంత్రము అద్దెకు దొరకును. ఆ కోతలో లేచిన తెల్లని ధూళి వాని మీసములమీదను, ప్రక్కన నిలిచి వేడుక చూచు పిల్లల తలలమీదను, దండెముమీది బట్టలమీదను పడును. మిగిలిన ముక్కలను మన యింటివారు పునాదిగుంటలో పోయించి దిమ్మిస కొట్టింతురు. అందరును సంతోషింతురు. పుణ్యమును వచ్చినది, చెత్తయును పోయినది.

ఆ ధూళి యేమో తెలిసికొన్నగాని యీ పుణ్యము విలువ తేలదు. సిమెంటు రేకులో సిమెంటు మాత్రమే యున్నదని మనవారి తలంపు. నూరుపాళ్లలో ఇంచుమించు తొంబదిపాళ్లు సిమెంటు మొదలగునవియే. తక్కిన పదిపాళ్లును రాతినార. దీనినే ఆస్బెస్టాసందురు, గ్రీకుభాషలో ఆ మాటకు ఆరిపోనిది యని యర్థము. అది భూమిలో దొరకు ఖనిజము. చూచుటకు రాయి, నలిపినచో ప్రత్తివలె నారలు నారలుగా విడిపోవును. వడకి నూలు తీయవచ్చును, బట్ట నేయవచ్చును. ఆ బట్ట నిప్పున కాలదు. దీనిలో ఆరు జాతులున్నవి. వ్యాపారమున ముఖ్యముగా చెల్లినవి తెలుపు, గోధుమ, నీలము అను మూడు. మన రేకులలోనిది సాధారణముగా తెల్లజాతి. ఆస్ట్రియా దేశీయుడగు లుడ్విగ్ హాట్షెక్ అను నతడు ఈ నారను సిమెంటుతో కలిపి పలుచని పలకలుగా తీయు విధానమునకు 1901లో హక్కుపత్రము పొందెను. మన హైదరాబాదున 1946లో ఈ పరిశ్రమ వెలసినది. కడపమండలమున పులివెందుల ప్రాంతపు రాళ్లలో తెల్ల రాతినార దొరకగా గనులు త్రవ్విరి. కావున ఇది తెలుగువారికి పరాయి కథ కాదు.

రాతినారకు గుణములు లేవని మేమనము. తాటాకుతోను రెల్లుగడ్డితోను కప్పిన పేటలు వేసవిలో ఒక్క నిప్పురవ్వకు పరశురామప్రీతియగుట కృష్ణా గోదావరి మండలములవారికి తెలియని సంగతి కాదు. కాలని కప్పు, ఉప్పుగాలికి తుప్పుపట్టని కప్పు, ఏటేట నేతగాండ్ర వెంట తిరుగనక్కరలేని కప్పు, అందుబాటు ధరకు దొరకినప్పుడు జనులు దానిని వరముగా భావించిరనిన తప్పేమున్నది? ఆనాడు రేకుల ఇల్లు కట్టుకొన్నవానిని మేము నిందింపము. నిందింపదగినవారు వేరే యున్నారు. వారినిగూర్చి ముందు చెప్పెదము.

దోషము ఆ నార సన్నదనములోనే యున్నది. అది నిలువున చీలుచునే యుండును. చీలిచీలి, వెండ్రుకను పదులపాళ్లు చేసినంత సన్నమై గాలిలో తేలును. కంటికి కనబడదు, వాసన లేదు, పీల్చినవానికి ఆనాడు దగ్గయినను రాదు. కనబడు ధూళి నేలకు దిగును. కనబడనిది గంటలకొలది తేలుచుండి ఊపిరితిత్తుల అట్టడుగు గదులవరకు పోయి గ్రుచ్చుకొనును. దేహములో చొచ్చిన మలినమును మ్రింగివేయు కణములు కొన్ని మనలో కలవు. అవి ఈ నారను మ్రింగబోవును. నార వానికంటె పొడవు. మ్రింగలేక, విడువలేక, అవియే నశించును. నశించుచు చుట్టునున్న మెత్తని భాగమును పుండు చేయును. ఇట్లు ఇరువది, ముప్పది, నలువది యేండ్లు లోలోపల జరుగును. తుదకు ఊపిరితిత్తులు గట్టిపడి ముడుచుకొనిపోవుట యొకటి. ఊపిరితిత్తులలో కేన్సరు పుట్టుట రెండు. ఊపిరితిత్తులను ఉదరమును ఆవరించియుండు పొరకు మీసోథీలియోమా యను దారుణరోగము వచ్చుట మూడు. ఈ మూడవదానికి రాతినారయే ముఖ్యకారణము; అది పైకి తెలిసినపిమ్మట పెక్కుమంది రెండేండ్లయినను బ్రతుకరు. చుట్టయు సిగరెట్టును కాల్చువాడు రాతినారను గూడ పీల్చినచో, వానికి ఊపిరితిత్తుల కేన్సరు భయము కూడినట్లు గాక గుణించినట్లు పెరుగును.

ఇది నిన్న మొన్న తెలిసినది కాదు. 1924లో ఇంగ్లండునందలి రాచ్‌డేల్ పట్టణమున నెల్లీ కెర్షా అను కార్మికురాలు 33 ఏండ్ల ప్రాయమున మరణించెను. ఆమె రాతినార నూలు వడకు మిల్లులో పనిచేసినది. కుక్ అను వైద్యుడు ఆమె ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినితో పరీక్షించి, వానిలో ఆ ఖనిజపు తునుకలను చూచెను. 1927లో ఆ రోగమును ఆస్బెస్టోసిస్ అను పేర వర్ణించెను. 1930లో మెర్వెదర్, ప్రైస్ అను ప్రభుత్వోద్యోగులు 363 మంది కార్మికులను పరీక్షించి, అందు 95 మందికి ఊపిరితిత్తులు గట్టిపడియున్నవని నివేదించిరి. మరుసటి యేడు బ్రిటిషు ప్రభుత్వము ధూళి నరికట్టుటకు నియమములు చేసినది. అనగా మన హైదరాబాదున రేకుల పరిశ్రమ పుట్టుటకు పదునైదేండ్లు ముందుగానే ఈ ధూళి చంపునని ఏలినవారికి తెలిసియున్నది! 1955లో రిచర్డ్ డాల్ ఊపిరితిత్తుల కేన్సరు సంబంధమును స్థాపించెను. 1960లో వాగ్నర్ మొదలగువారు దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతమునుండి 33 మీసోథీలియోమా రోగులను వర్ణించిరి. ఆ రోగులలో గనిలో నెన్నడును పనిచేయక, గనుల చెంత కాపురముండుట మాత్రమే చేసినవారు నుండిరి. 1965లో లండనునందు న్యూహౌస్, థాంప్సన్ అనువారు చేసిన పరిశోధనలో, కర్మాగారమున నడుగుపెట్టకయే, ఇంటిలోని పనివాని ధూళిబట్టలవలన రోగమునకు గురియైన బంధువులు కనబడిరి. మగని చొక్కా దులిపి ఉతికిన పాపమునకు ఇల్లాలు మరణించెను! మన పనిమనిషి మగని మీసములమీది తెల్లధూళిని పాఠకులు మరల జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక.

ఇన్ని సంగతులు వెల్లడియైనను రేకుల పక్షమున వాదించు విద్యావంతులు మనలో నున్నారు. వారి పూర్వపక్షమును న్యాయముగా చెప్పి పిదప ఖండింతుము. తెల్లజాతి నార మెత్తనిది, నీలజాతివలె ఊపిరితిత్తులలో చిరకాలము నిలువదు, పైగా సిమెంటులో బిగిసియున్నది, కాన రేకు నిరపాయకరమని వారందురు. ఇందు సగము సత్యమున్నది. తెల్లజాతి నీలజాతియంతటి క్రూరము కాదన్నమాట శాస్త్రజ్ఞులును ఒప్పుకొన్నదే. కాని తక్కువ క్రూరమగుట నిరపాయకరమగుట కాదు. ప్రపంచారోగ్యసంస్థకు చెందిన కేన్సరు పరిశోధనసంస్థ తెల్లజాతితో సహా అన్ని జాతుల రాతినారను మనుష్యులకు కేన్సరు కలిగించుననుటకు సందేహములేని వస్తువులలో చేర్చినది. ఈ రోగములను నిర్మూలింప నన్నిటికంటె మేలైన మార్గము అన్ని జాతుల వాడుకను మానుటయే యని ప్రపంచారోగ్యసంస్థ తీర్మానించినది. ఇక సిమెంటులో బిగిసియుండుటమాట. రేకు రేకుగా నున్నంతకాలము బిగిసియుండును. కోసిననాడో? తొలిచిననాడో? గాలివానకు ముక్కలైననాడో? మూట కట్టిన త్రాచు కరవదు, నిజమే. ఆ మూటను ఒకనిచేతికిచ్చి, కత్తితో కోసికొని నీ యింట పెట్టుకొమ్మని చెప్పుటను మాత్రము ఎవరును దయ యనరు.

“మేము ముప్పదియేండ్లు ఆ రేకులక్రిందనే కాపురము చేసితిమి, మాకేమైనది?” అని యడుగు పెద్దలు గలరు. పగులని రేకుక్రింద కూర్చున్నవానికి భయము స్వల్పమని మేమును చెప్పుదుము. ఎవరును నేటిరాత్రి నిద్ర మానుకొననక్కరలేదు. కాని ఈ ప్రశ్నయే అడుగవలసిన ప్రశ్న కాదు. రేకును కోసిన మేస్త్రి యేమాయెను, దించిన కూలి యేమాయెను, వారు నేడెచ్చటనున్నారు? వారి చిరునామాయైనను మనకు తెలియదు. ధూళి పీల్చుటకును రోగము పొడసూపుటకును నడుమ ముప్పదియేండ్లు గడచుచుండగా, ఒక కూలివాని దగ్గునకు ఏ యూరి యే యింటి కప్పు కారణమో ఎవడు చెప్పగలడు? ఇట్టి యపరాధమునకు సాక్షి యుండడు. అందుచేతనే ఇది యింత నిర్భయముగా సాగుచున్నది.

మరికొందరు, “మన దేశమున ఈ రోగులేరీ? లెక్కలు చూపుడు” అందురు. లెక్కించుటకు తగిన యేర్పాటు లేనిచోట లెక్క యెట్లు వచ్చును? ఆయాసముతోను దగ్గుతోను క్షీణించు బీదవాడు ఆసుపత్రికి పోయినచో, క్షయ యని మందిచ్చి పంపుటకే యవకాశము మెండు. నీవు ముప్పదియేండ్లక్రిందట ఏ పనిచేసితివని యడుగు వైద్యుడు అరుదు. అయినను మన చట్టములకు ఈ రోగము తెలియకపోలేదు. 1948వ సంవత్సరపు కర్మాగారముల చట్టములో తప్పక తెలియజేయవలసిన రోగముల పట్టికయందు ఆస్బెస్టోసిస్ చేర్చబడినది. 1995 జనవరిలో సుప్రీముకోర్టు, రాతినార కర్మాగారముల కార్మికుల ఆరోగ్యపుస్తకములను పనిలో చేరిననాటినుండి నలువదియేండ్లవరకైనను, లేక పని విరమించినపిదప పదునైదేండ్లవరకైనను, ఏది యాలస్యమైన దానివరకు భద్రపరుపవలెనని శాసించినది. రోగము నలువదియేండ్లు పొంచియుండునని న్యాయస్థానము గ్రహించినదన్నమాట. మంచిదే. కాని ఆ పుస్తకము కర్మాగారపు గోడలలోపలివానికి. అదే రేకును వీధిలో కోయు మేస్త్రికి ఏ పుస్తకమున్నది? వానిపేరు పలసరి కూలీల చిట్టాలోనైనను నిలిచియుండదు.

ఇక అన్నిటికంటె బలమైన వాదము బీదవాని పేరిట చేయబడునది. “రేకు బీదవాని కప్పు, దానిని తప్పుపట్టువాడు బీదవాని నెత్తిమీది నీడను లాగివేయువాడు” అని. ఈ మాట వినునపుడు మాకు కలుగు రోత ఇంతింతనరాదు. బీదవానికి మంచి యిల్లు, మంచినీరు, మంచికూలి యిచ్చునపుడు కానరాని ప్రేమ, చౌకవస్తువు నమ్మునపుడు మాత్రము ఎచ్చటనుండి పుట్టుకవచ్చుచున్నది? రాతినార లేకయే అట్టిరేకులు చేయవచ్చును. కట్టెగుజ్జు నారను, కృత్రిమపు నారలను సిమెంటుతో కలిపి ఇతరదేశములవారు చేయుచునే యున్నారు, మన దేశమునను అట్టివి తయారగుచున్నవి. మంగళూరు పెంకులున్నవి, జింకుపూత పూసిన యినుపరేకులున్నవి, వాని వేడి తగ్గించుటకు పైన తాటాకు పరచుట మన పల్లెలకు తెలిసిన విద్యయే. వీనిలో కొన్నిటికి వెల యెక్కువ, నిజము. ఆ హెచ్చును ప్రభుత్వమో సంఘమో భరింపవలెనని యడుగుట మాని, బీదవాని ఊపిరితిత్తులనుండి వసూలుచేసికొందమనుట ఏ యర్థశాస్త్రము? కొనునాడు కనబడు ధరయే ధర కాదు. ముప్పదియేండ్లకు చేరు బిల్లొకటి యున్నది, దానిని చెల్లించునది వాని భార్యాపిల్లలు.

ఈ విషయమున మన దేశపు నడవడి మాకు తలవంపులుగా నున్నది. ఐస్లాండు 1983లోనే దీనిని నిషేధించినది. బ్రిటను నీలజాతిని గోధుమజాతిని 1985లోను, తెల్లజాతిని 1999లోను తోసివేసినది. ఆస్ట్రేలియా 2003 చివరను, ఐరోపా సమాఖ్య 2005లోను, దక్షిణాఫ్రికా 2008లోను మానినవి. కెనడా సంగతి వినదగినది. క్వెబెక్ రాష్ట్రమున ఆస్బెస్టాసు అను పేరుగల యూరే యొకటి యుండెడిది. అచటి గనుల నారను తాము వాడుట తగ్గించుకొని మనకెగుమతి చేయుచుండిరి. 2011లో గనులు నిలిచిపోయినవి. 2018లో నిషేధము వచ్చినది. 2020లో ఊరివారు ఆ పేరే మాకు వలదని వాల్ దె సూర్స్ అని మార్చుకొనిరి. ఊరు తన పేరును సైతము మార్చుకొన్నది! మనమో? మనదేశమున రాతినార త్రవ్వుటకు క్రొత్త కౌలుల నిచ్చుట 1986లోనే ఆపివైచితిమి. విదేశములనుండి మాత్రము ఓడలకొలది దింపుకొనుచునే యున్నాము. త్రవ్వుట యపాయమట, కోయుట కాదట! 2005 చివరను ఫ్రెంచివారి పాత యుద్ధనౌక క్లెమన్సో రాతినారతోకూడ గుజరాతుతీరమున ఆలంగునకు విరుగగొట్టుటకు బయలుదేరగా, మన దేశమున ఎంతటి యలజడి లేచినదో పాఠకులకు జ్ఞప్తియుండును. తుదకు వారు దానిని వెనుకకు పిలిపించుకొనిరి. ఓడలోని నారకు అంత వెరచిన మనము, ఏటేట లక్షలకొలది టన్నుల నారను సంచులలో కొనితెచ్చుకొని కప్పులపై పరచుకొనుచున్నాము. సంచిపై ధర వ్రాసియున్న విషము మనకు సరకు. వ్రాయనిది మాత్రమే చెత్త.

కాని నిషేధము ఢిల్లీలో జరుగవలసినది; అది వచ్చువరకు మన యింటిపని మనమేమి చేయవలెను? ఇచ్చట రెండవ మూఢత్వమునుగూర్చి హెచ్చరింపవలసియున్నది. రేకు చెడ్డదని వినినంతనే కంగారుపడి, రేపే పలుగు పట్టించి కూల్చివేయువాడు, నిర్లక్ష్యముగా నుండువానికంటె నెక్కువ కీడు చేయును. చెదరని రేకును చెదరనీయకుండుట మొదటి విధి. దానికి ఫ్యాను కొక్కెమునకని రంధ్రము తొలువరాదు. సున్నము కొట్టుటకు ముందు నాచును తీగకుంచెతో గీకరాదు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించిననాటినుండి తెల్లపూత పలువురు వేయించుచున్నారు. పూత మేలే, దానికిముందు పొడిగా గీకించుటయే కీడు. రేకు పెళుసువారి, అంచులు పొడిపొడియై రాలుచు, చీలికలు బారియున్నచో మాత్రము దింపించుటకు యోచింపవలెను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును కొట్టినట్లు గాలివాన వచ్చినపుడు పగిలిన రేకులను ఊరివారు చీపుళ్లతో ఊడ్చి కుప్పలు వేయుట సహజము, అదియే చేయరానిది.

దింపువిధము చెప్పెదము, ఇది ఇంటివారు తామై చేయదగిన పని కాదుగాని, చేయించువారికైనను తెలియవలెను. పని తెలిసినవారిని పిలువుడు. చుట్టుప్రక్కలవారికి ముందురోజే చెప్పి కిటికీలు మూయింపుడు, పిల్లలను పంపివేయుడు, దండెములు విప్పుడు, నూయి కప్పుడు. రేకును సబ్బు కొంచెము కలిపిన నీటితో మెల్లగా తడుపవలెను. గొట్టముతో జోరుగా కొట్టినచో నారయే యెగురును. బోల్టుల చుట్టును తడిపి, మరను త్రిప్పియో బోల్టును కోసియో విడదీయవలెనుగాని రేకును పగులగొట్టరాదు. విసరివేయక, ఒక్కొక్క దానిని చేతులమీదుగా దింపవలెను. ముక్కునకు తువ్వాలు కట్టుకొనుట కేవలము తృప్తికి. సన్నధూళి నాపుటకు తగిన ముఖకవచము, ముఖమునకు బిగువుగా కూర్చొనునది, కావలెను. పనిచోట తినుట, బీడీ కాల్చుట కూడదు. దింపిన రేకులను మందపు పాలిథీను పట్టాలో రెండుమారులు చుట్టి, అంటుబిళ్లతో మూసి, లోపలనున్నదేమో పైన పెద్దయక్షరములతో వ్రాయవలెను. నేలను చీపురు తాకరాదు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను సైతము పట్టాలోనే వేయవలెను. కూలివాడు ఆ బట్టలతో ఇంటికి పోరాదు. మీ పెరటిలోనే స్నానము చేసి వేరుబట్ట కట్టుకొని పోవలెను. ఆ బట్టయు, స్నానపు నీళ్లును, ముఖకవచమును ఇచ్చుట యజమాని విధి. కూలిలో తగ్గించుకొనవలసినది కాదు.

నారకంటె ముందు చంపునది మరియొకటి యున్నది. పాతరేకు మనిషి బరువును మోయదు. నాచుపట్టిన రేకుపై, అందును తడిపినదానిపై, కాలుపెట్టినవాడు రేకుతోకూడ క్రిందపడి చచ్చుట నలువదియేండ్లు వేచియుండు మరణము కాదు. పరంజా కట్టించి క్రిందినుండియైనను, లేదా దూలములమీద పలకలు పరచియైనను పనిచేయింపవలెను. “వాడు కోతివలె ఎక్కును లెండి” యను మేస్త్రి మాటను నమ్మువాడు ఆ పతనమునకు సగము బాధ్యుడు.

మాబోటి యుపాధ్యాయులకు మరియొక భయము కలదు. రేకుల షెడ్లలో నడచు బడులు మన రాష్ట్రములలో నింకను గలవు. పిల్లలు చెండు విసరుదురు, రేకు చిల్లిపడును, ఆ ముక్కను బలపముగా చేసికొని నేలపై గీతలు గీయుదురు. చిన్ననాట పీల్చినవానికి రోగము పొడసూపుటకు కావలసినంత ఆయుర్దాయము ముందున్నది; అదియే పిల్లలవిషయమున విశేషము. కేరళదేశము పాఠశాలల కప్పులనుండి ఈ రేకులను తొలగింప పూనుకొన్నది; మన ప్రభుత్వములు సెలవుదినములలో, పైని చెప్పిన జాగ్రత్తతో, ఆ పనిచేయింపవలెను. పాత ప్రయోగశాలల అలమరలలో తీగవల నడుమ తెల్లని గుండ్రని పూతయున్నవి యుండవచ్చును, అదియు రాతినారయే. మన పుస్తకములు దానికి ఆస్బెస్టాసు తీగవల యనియే పేరిడినవి. పొడిరాలు వానిని పిల్లలచేతికీయక, మంటి పూతగలవానిని తెప్పించుట ప్రధానోపాధ్యాయుని కొక్క సంతకపు పని.

దింపి చుట్టిన రేకుల నేమి చేయవలెనని మిగిలియున్న ప్రశ్నకు మన పురపాలకులు సమాధానము చెప్పవలసియున్నది. 2016వ సంవత్సరపు ఆపత్కరవ్యర్థముల నియమములలో రాతినార పేర్కొనబడియున్నది. అట్టి వ్యర్థములను పూడ్చుటకు హైదరాబాదు చెంత దుండిగల్లునను, విశాఖపట్టణము చెంత పరవాడయందును స్థలములున్నవి. కర్మాగారములవారికి అవి యున్నవి. పన్నెండు రేకులుగల తాలూకా పట్టణపు గృహస్థునికి? వాడు వానిని ఎవరి బండిలో, ఎవరి యనుమతితో తీసికొనిపోవలెను? తడిచెత్తకొక బండి, పొడిచెత్తకొక బండి పంపు పురపాలకసంఘము నెలకొకదినము ఈ మూటలకై మరియొక బండి పంపలేదా? పన్ను కట్టువారు పదుగురు కూడి వ్రాతపూర్వకముగా అడుగుదురుగాక. బండి వచ్చువరకు ఆ మూటలను పెరటి మూల, తొక్కుడు లేనిచోట, పట్టా విప్పక దాచుట తప్పదు. పునాదిలో పోయుట, చెరువుగట్టున పారవేయుట, పాతసామానులవానికి అమ్ముట, ఈ మూడును ఒక్కటే.

మరి పనిమనిషి మాట? ఆమె పాక కారుచున్నది, అడిగినది, లేదనుట కష్టముగానుండునని మా పాఠకురాండ్రు అందురు. లేదనుమని మేము చెప్పలేదు. స్లాబుకు లక్షలు వెచ్చించు యజమానికి, ఆమె పాకపైకి నాలుగు ఇనుపరేకులు కొనియిచ్చుట భారము కాదు. ఆ వెలను మేస్త్రి చిట్టాలో నొక పద్దుగా వ్రాయింపుడు. పాతరేకు ఎందుకీయలేదో ఆమెకు స్పష్టముగా చెప్పుడు. ఆమె తెలివితక్కువది కాదు, ఇంతవరకు ఎవరును చెప్పలేదు, అంతియే. ప్రక్కయింటి అమ్మగారు ఇచ్చివేయుదురేమో యందురా? ఆమెయు ఈ పత్రిక చదువువారిలో నొకరే గదా. ఈ సంచికను నేటి సాయంకాలము ఆమెకొకసారి చదువనిచ్చి చూడుడు.